ఆరు, ఏడు, ఎనిమిది తరగతుల పిల్లలకు ఏ ఆర్ట్ ప్రాజెక్ట్ ఇవ్వాలి?

"టీచర్ గారూ, మా వాడికి తొందరగా అయిపోయే ప్రాజెక్ట్ ఏదైనా చెప్పండి." ఎగ్జిబిషన్ దగ్గరపడగానే తల్లిదండ్రులు నన్ను అడిగే మాట ఇది. కొత్తగా చేరిన టీచర్లు ఇంకోలా అడుగుతారు: "క్లాసులో నలభై ఐదు మంది, వారానికి ఒక్క పీరియడ్, చేతిలో డబ్బు లేదు. ఏం చేయించమంటారు?" ఇద్దరికీ నేను చెప్పేది ఒకటే. ముందే ప్రాజెక్ట్ పేరు వెతక్కండి. ఆ పనిలో పిల్లలు సొంతంగా తేల్చుకోవాల్సినవి ఎన్ని ఉన్నాయో చూడండి.

నాన్న కట్టర్‌తో కోసి, అమ్మ గమ్ పెట్టి, పిల్లవాడు పైన మెరుపులు చల్లిన థర్మాకోల్ చార్మినార్లు నేను చాలా చూశాను. చూడ్డానికి ముచ్చటగానే ఉంటాయి. "ఈ కిటికీ ఇక్కడే ఎందుకు పెట్టావు నాన్నా?" అని అడిగితే మాత్రం పిల్లవాడి దగ్గర జవాబు ఉండదు. పైగా అలంకరణకు వాడే థర్మాకోల్ మీద 2022 జులై నుంచి దేశమంతటా నిషేధం ఉంది. కిట్‌లో వచ్చే క్విల్లింగ్ పూలూ (సన్నటి కాగితపు పట్టీలు చుట్టి చేసేవి), ఫోన్‌లో బొమ్మ పెట్టుకుని ట్రేస్ చేసే పటాలూ ఇదే కోవలోకి వస్తాయి. వీటిని నా పోలికలోంచి మొదటే తీసేస్తున్నాను.

ఇంకో సంగతి వయసుది. పదకొండు, పద్నాలుగేళ్ల మధ్య పిల్లల్లో ఒక మార్పు వస్తుంది. మూడో తరగతిలో ఊదారంగు ఏనుగు వేసి అందరికీ తిప్పి చూపించిన పిల్లే, ఏడో తరగతికొచ్చేసరికి మనం దగ్గరికి వెళ్తే షీటును చేత్తో కప్పేస్తుంది. "నాకు బొమ్మలు రావు టీచర్" అంటుంది. కంటికి కనిపించేదానికీ తన చెయ్యి గీసేదానికీ ఎంత తేడా ఉందో ఆ పిల్లకు అప్పుడే తెలుస్తోంది. చెయ్యి కంటే కన్ను ముందు ఎదిగింది, అంతే. సరిగ్గా ఆ రోజుల్లో "ప్రకృతి దృశ్యం గీయండి" అని చార్ట్ చేతికిస్తే క్లాసులో ఐదారుగురు బాగా గీస్తారు. మిగతావాళ్లు ఆ ఐదారు షీట్లు చూసి, ఇది మనవల్ల కాదని తేల్చేసుకుంటారు. చాలామందికి బొమ్మలతో సంబంధం అక్కడితో తెగిపోతుంది. అందుకే ఈ వయసుకు నేను ఎంచుకునే పనేదైనా సరే, ఉన్నది ఉన్నట్టు గీయడం రాని పిల్లల చేతిలో కూడా అది నిలబడాలి.

ఈ లెక్కన చూస్తే నా జాబితాలో మొదట నిలిచేది తోలుబొమ్మ.

అసలు తోలుబొమ్మలు శ్రీ సత్యసాయి జిల్లా నిమ్మలకుంటలో ఇప్పటికీ చేస్తున్నారు. ఆ ఊరి కళాకారుడు దళవాయి చలపతిరావుగారికి 2020లో పద్మశ్రీ వచ్చింది. మేకతోలును పలుచగా శుభ్రం చేసి, బొమ్మ గీసి, రంగులు వేసి, నగలున్న చోటల్లా చిన్న చిన్న రంధ్రాలు పొడుస్తారు. వెనక దీపం పెట్టగానే ఆ రంధ్రాలే మెరిసే హారాలవుతాయి. మనకు తోలు అక్కర్లేదు. మందపాటి డ్రాయింగ్ షీటు మీద బొమ్మ గీయించి, స్కెచ్ పెన్నులతో రంగులు వేయించండి. పూర్తిగా ఆరాక వెనకవైపు కొబ్బరినూనె చుక్కలు వేసి దూదితో రుద్దించండి. తెల్లగా మొద్దుగా ఉన్న కాగితం కళ్లముందే నూనె పీల్చుకుని వెలుగును దాటనిచ్చేలా మారుతుంది. కిటికీ దగ్గర పట్టుకుంటే ఎరుపు ఎర్రగా, పచ్చ పచ్చగా వెలుగుతాయి. ఆ కాస్సేపు క్లాసంతా కిటికీల దగ్గరే ఉంటుంది. నూనె ఎక్కువైతే పాత న్యూస్‌పేపర్ మధ్య పెట్టి ఒక రాత్రి బరువు పెట్టమనండి. రంధ్రాలకు జామెట్రీ బాక్సులో డివైడర్ చాలు. కింద పాత చెప్పు రబ్బరు ముక్క పెట్టుకుంటే బల్ల పాడవదు.

చేతులూ కాళ్లూ వేరుగా కత్తిరించి కీళ్ల దగ్గర దారం ముడి వేయాలి. ఇక్కడే అసలు ఆలోచన మొదలవుతుంది. చెయ్యి ఎక్కడ వంగాలి? భుజం దగ్గరా, మోచేతి దగ్గరా? రెండు కీళ్లు పెడితే బొమ్మను ఆడించడానికి రెండు పుల్లలు కావాలి, మరి ఆడించే చేతులు రెండే కదా? బొమ్మలు రావని ఏడాదంతా వెనక బెంచీలో కూర్చున్న ఏడో తరగతి అమ్మాయి ఒకసారి కోతిబొమ్మ చేసింది. గీతలు వంకరే. కానీ తోకను ఐదు ముక్కలుగా కోసి దారాలతో కలిపింది. తెర మీద ఆ తోక పాములా మెలికలు తిరుగుతుంటే పిల్లలు కేకలు పెట్టారు. తర్వాత పదిహేను మంది తమ బొమ్మలు విప్పదీసి మళ్లీ కట్టుకున్నారు. మార్కుల కోసం అయితే ఎవరూ అంత కష్టపడరు.

తెరకు పాత తెల్ల పంచె, వెలుగుకు ఒక్క బల్బు లేదా ఫోన్ టార్చ్. ట్యూబ్‌లైట్ వద్దు, నీడ మసకబారుతుంది. బొమ్మ తెరకు అంటుకుంటే గీత స్పష్టంగా ఉంటుంది, దీపం వైపు జరిపితే నీడ పెరుగుతుంది. సైన్స్ టీచర్‌ను పిలిస్తే కాంతి పాఠం అక్కడే అయిపోతుంది. రామాయణ ఘట్టమే ఆడాలని లేదు. తోలుబొమ్మలాటలో కథ మధ్యలో వచ్చి నవ్వించే బంగారక్క, కేతిగాడు, జుట్టుపోలిగాడు ఉన్నారు కదా, ఆ ముగ్గురూ మీ బడికొస్తే ఏం మాట్లాడతారో రాయమనండి. తెలుగు క్లాసులో ఎప్పుడూ నోరు విప్పనివాళ్లు తెర వెనక నిలబడితే గడగడా మాట్లాడతారు. ఆరు పీరియడ్లు పడుతుంది, ఖర్చు నామమాత్రం. ఒక్క ఇబ్బంది: పగటిపూట చీకటి గది దొరకాలి. కిటికీలకు దుప్పట్లు కట్టుకోవడమే.

రెండోది చేర్యాల నకాషీ పద్ధతిలో కథాపటం. సిద్దిపేట జిల్లా చేర్యాలలో నకాషీ కుటుంబాలు ఖాదీ గుడ్డకు చింతగింజల అంబలి, తెల్లమట్టి పట్టించి, ఎర్రటి నేల మీద కథను వరసగా గడులు గడులుగా వేస్తాయి. అవి గోడకు తగిలించడానికి పుట్టిన బొమ్మలు కావు, కథ చెప్పడానికి పుట్టినవి. పద్మశాలీలకు మార్కండేయ పురాణం చెప్పే కూనపులివారు, మాదిగలకు జాంబపురాణం చెప్పే డక్కలివారు పటం విప్పుకుంటూ, ఒక్కో గడి చూపిస్తూ రాత్రంతా కథ నడిపేవారు. పదుల అడుగుల పొడవుండే పటాలవి.

ఈ పద్ధతి పెద్ద క్లాసుకు అచ్చంగా సరిపోతుంది. నలభై మంది ఉంటే నలభై అడుగులు, మనిషికో అడుగు. కథ మీ ఊరిదై ఉండాలని నా పట్టుదల. చెరువు ఎలా తవ్వారు, జాతర ఎలా జరుగుతుంది, బస్సు మొదటిసారి ఎప్పుడొచ్చింది అని పిల్లలు ఇంట్లో ముసలివాళ్లను అడిగి తెచ్చిన కథను క్లాసులో కూర్చుని గడులుగా విడగొట్టాలి. ఏ గడిలో ఏం ఉండాలి, ఏది వదిలేయాలి అన్న చర్చకే రెండు పీరియడ్లు పోతాయి. పోనివ్వండి, పటంలో అన్నిటికన్నా విలువైన పని అదే. బొమ్మలు బల్లపరుపుగా, లోతు లేకుండా ఉండటం ఈ శైలి లక్షణం. కాబట్టి దూరంగా ఉన్న చెట్టు ఎంత చిన్నగా వేయాలన్న భయం పిల్లలకు ఉండదు. ముఖ్యమైన మనిషిని పెద్దగా వేయొచ్చు. నేలకు ఒకే ఎరుపు వాడటంతో నలభై చేతులు వేసినా పటం ఒక్కటిగా కనిపిస్తుంది. ఎరుపు అందరికీ ఒకే డబ్బాలో కలిపి ఉంచండి. ఎవరికి వాళ్లు కలుపుకుంటే ఒకచోట నారింజ, ఒకచోట మెరూన్ అయి పటం ముక్కలుగా తెలుస్తుంది.

తోలుబొమ్మకూ పటానికీ మధ్య ఎంచుకోవాల్సి వస్తే? గోలగా, కదులుతూ ఉండే క్లాసుకు తోలుబొమ్మ ఇవ్వండి. పటానికి కాస్త ఓపిక కావాలి, ఆరో తరగతి కంటే ఎనిమిదో తరగతికి బాగా నప్పుతుంది. ఇంట్లో ఒక్క పిల్లవాడితో చేయించాలంటే తోలుబొమ్మే మేలు. పటం గుంపు పని.

కలంకారీ గురించి చాలామంది అడుగుతారు. ఫ్యాబ్రిక్ పెయింట్లతో నెమలి బొమ్మ నింపి కలంకారీ అనడం నాకు ఇష్టం లేదు. కలంతో గీసే శ్రీకాళహస్తి కలంకారీలో అందం దాని రంగుల తయారీలోనే ఉంది. గుడ్డను కరక్కాయ పొడి, పాలు కలిపిన నీళ్లలో నానబెట్టి ఆరేస్తారు. తుప్పు ఇనుము, బెల్లం, నీళ్లు కుండలో వేసి మూడు వారాల దాకా పులియబెడతారు. వెదురుపుల్ల చివర గుడ్డ చుట్టి దారం కట్టిన కలంతో ఆ ద్రవాన్ని ముంచి గీత లాగుతారు. డబ్బాలో నీళ్లటీలా కనిపించే ఆ ద్రవం గుడ్డకు తగలగానే నల్లబడుతుంది. కరక్కాయలోని టానిన్ అనే వగరు పదార్థం, ఇనుము కలిసి చేసే పని అది. పాలలోని కొవ్వు గీతను పాకకుండా ఆపుతుంది. దీన్ని కళ్లారా చూసిన పిల్లలు రసాయన చర్య అన్న మాటను మళ్లీ బట్టీ పట్టాల్సిన పని ఉండదు.

అయితే దీనికి ఎండ కావాలి. నేను ఒకసారి ఆగస్టులో మొదలుపెట్టి పెద్ద తప్పు చేశాను. నాలుగు రోజులు ముసురు పట్టింది. పాలు పట్టించిన ముప్పై గుడ్డముక్కలు స్టాఫ్‌రూమ్ పక్క వరండాలో ఆరక పులిసి, బూజు పట్టి, బడంతా వాసన. అన్నీ పారేసి, పిల్లలకు క్షమాపణ చెప్పి, జనవరిలో మళ్లీ చేశాం. డిసెంబర్, జనవరి, ఫిబ్రవరి నెలలు దీనికి మంచివి. రంగులన్నీ చేయించాలనుకోకండి, నలుపు ఒక్కటి చాలు. తీరిక ఉండి, రోజూ కుండ మూత తీసి చూసే ఓపికున్న ఎనిమిదో తరగతికే ఇవ్వండి. ఎగ్జిబిషన్‌కి పది రోజులే ఉంటే దీని జోలికి వెళ్లొద్దు.

అచ్చుల పని దానికి పూర్తి విరుద్ధం. ఒక్క పీరియడ్‌లో ఫలితం చేతిలో ఉంటుంది. కృష్ణా జిల్లా పెడనలో టేకు చెక్క మీద చెక్కిన అచ్చులతో కలంకారీ గుడ్డలు అద్దుతారు. క్లాసులో బెండకాయ, బంగాళాదుంప ముక్కలతో మొదలుపెట్టొచ్చు గానీ అవి ప్రైమరీ పిల్లల దగ్గరే ఆగిపోతాయి. ఈ వయసుకు అట్ట అచ్చు బాగుంటుంది. పాత శుభలేఖల అట్టలు కత్తిరించి, ఇంకో అట్ట మీద ఫెవికాల్‌తో అతికించి, ఆరాక స్పాంజితో రంగు అద్ది కాగితం మీద నొక్కాలి. బ్లేడు అవసరం లేదు. మొదటిసారి పేరు అచ్చు వేసిన ప్రతి పిల్లా అక్షరాలు తిరగబడి రావడం చూసి ఆశ్చర్యపోతుంది. రెండోసారి 'ర'ను తిరగేసి కత్తిరించడానికి నాలుక బయటపెట్టి మరీ శ్రమపడుతుంది. ఒకే అచ్చును తిప్పి తిప్పి వేసి అంచులు, జాలీలు కట్టించవచ్చు. మన రాష్ట్రాల నుంచి లక్ష్మాగౌడ్‌గారిలాంటి గొప్ప ప్రింట్ కళాకారులు వచ్చారు. వారి ఎచింగ్‌ల (లోహపు రేకు మీద గీతలు గీసి తీసే అచ్చుల) ఫొటోలు ఒకటి రెండు చూపించండి, గీత ఒక్కటే ఎంత పని చేస్తుందో పిల్లలకు అర్థమవుతుంది. తప్పుపోతే ఇంకో కాగితం తీసుకుంటారు, అంతకుమించి నష్టం లేదు. చిన్న తప్పుకే షీటు చించేసే పిల్లలకు దీనికి మించిన మందు లేదు.

ముసుగులు, అంటే మాస్కులు, పిల్లలకు చాలా ఇష్టం. బెలూన్ మీద గానీ, చిన్నవైతే కొబ్బరిచిప్ప మీద గానీ కాగితం పేలికలు మైదా జిగురుతో పొరలు పొరలుగా అతికించాలి. ఒక పొర న్యూస్‌పేపర్, తర్వాతది తెల్లకాగితం, ఇలా మార్చి మార్చి వేస్తే ఎక్కడ ఖాళీ మిగిలిందో ఇట్టే తెలుస్తుంది. ఆరు పొరలైనా పడాలి. బైండింగ్ వాళ్లు పురుగు పట్టకుండా జిగురులో మైలుతుత్తం కలుపుతారు, అది విషం కాబట్టి పిల్లల పనిలో వద్దే వద్దు. ముక్కు, బుగ్గలు, కనుబొమలు గుజ్జుతో పెంచేటప్పుడు పిల్లలు అద్దంలో తమ ముఖాన్నే కోపంగా, బెదురుగా పెట్టి చూసుకుంటారు. చూడ్డానికి చాలా బాగుంటుంది. కాకపోతే నలభై తడి ముసుగులు ఎక్కడ ఆరబెడతారో ముందే చూసుకోండి. చోటు లేని బడికి ఇది నరకం. పది మందిలోపు ఉన్న సెలవుల శిబిరానికో, అపార్ట్‌మెంట్ పిల్లలకో హాయిగా ఇవ్వొచ్చు.

మట్టి పని ఆనందం వేరు. కానీ కాల్చని మట్టిబొమ్మ బడిసంచీలో ఇల్లు చేరదు. దగ్గర్లో కుమ్మరి ఆవం ఉంటేనే పెట్టుకోండి, లేదంటే వినాయక చవితి ముందు వారం చేయించి, నిమజ్జనంతో ముగిసే పనిగా ఉంచండి. అతుకులు ఊడిపోకుండా రెండువైపులా గీతలు గీసి, చిక్కటి బురద రాసి నొక్కాలన్నది మాత్రం నేర్పాల్సిందే.

గోడ మీద పెద్ద బొమ్మ వేయించడం బడికి అందం తెస్తుంది. వాస్తవంలో ముగ్గురు వేస్తారు, ముప్పై మంది డబ్బాలు మోస్తారు. క్లాసంతటికీ ఒకే ప్రాజెక్ట్‌గా దీన్ని నేను ఇవ్వను.

డ్రాయింగ్ అంటేనే ముఖం తిప్పుకునే పిల్లలున్నారా? వాళ్లకు ఫోన్‌తో కదిలే బొమ్మలు. నలుగురికి ఒక ఫోన్. రెండు ఇటుకల మధ్య కదలకుండా నిలబెట్టి, చింతగింజలో, చాక్‌పీసులో, కత్తిరించిన కాగితం మనుషులో కొంచెం కొంచెం జరుపుతూ ఫొటోలు తీయాలి. సెకనుకు 12 ఫొటోలనుకుంటే పది సెకన్ల సినిమాకు 120 ఫొటోలు. ఈ లెక్క ముందే పిల్లలతో వేయించండి, కథ దానంతటదే చిన్నదవుతుంది. కిటికీ వెలుగు మారితే బొమ్మ మినుకుమినుకుమంటుంది కాబట్టి తలుపులు వేసి ఒక బల్బు కింద తీయాలి. ఫోన్ ఇస్తే ఆటల్లో పడతారని తల్లిదండ్రులకు టెన్షన్. ఈ పనిలో ఫోన్‌ను ముట్టుకోకుండా ఉంచడమే అసలు కష్టం, ఒకసారి దగ్గరుండి చూస్తే వాళ్లకే అర్థమవుతుంది.

ముగ్గును ఎవరూ ప్రాజెక్ట్‌గా లెక్కపెట్టరు. పదిహేను చుక్కలు, సందు చుక్క ఎనిమిది వరకు అని చెప్పి, తెలిసిన ముగ్గు కాకుండా సొంతంగా ఒకటి కట్టమని ఆరో తరగతికి ఇచ్చి చూడండి. మగపిల్లలకు కూడా. సౌష్ఠవం పాఠానికి అంతకంటే మంచి జత నాకు దొరకలేదు, ఖర్చు చాక్‌పీసు ముక్క.

ఇక తేల్చుకోవడం. ఒక్క పీరియడే ఉంటే అట్ట అచ్చు. నెల రోజులు, పెద్ద క్లాసు, చేతిలో డబ్బు లేకపోతే కథాపటం. వార్షికోత్సవంలో స్టేజీ మీద చూపించాలంటే తోలుబొమ్మలాట. సైన్స్ టీచర్ చెయ్యి కలిపితే, ఎండాకాలం ముందైతే కలంకారీ. సీబీఎస్‌ఈ బళ్లలో 2020-21 నుంచి ఒకటి నుంచి పదో తరగతి వరకు ఆర్ట్ ఇంటిగ్రేటెడ్ ప్రాజెక్ట్ తప్పనిసరి అయింది కదా, అక్కడ వేరే పాఠంతో అతకాలి. దానికి పైవాటిలో తోలుబొమ్మ, కలంకారీ, ముగ్గు సహజంగా కుదురుతాయి. పాఠాన్ని చార్ట్ మీద రాసి చుట్టూ పూలతీగ వేసి ఆర్ట్ అనొద్దు.

ఇంకా రెండింటి మధ్య ఊగుతుంటే పిల్లలనే అడగండి. నేను రెండు పనులూ పది పది నిమిషాలు చేసి చూపించి, ఏదైనా చేయొచ్చంటాను. క్లాసు రెండుగా చీలినా ఫరవాలేదు. తాను ఎంచుకున్న పనిని మధ్యలో వదిలేసిన పిల్లలు నాకు చాలా తక్కువమంది తగిలారు.

తల్లిదండ్రులకు ఒక మాట. పక్కన కూర్చోండి, కత్తెర మాత్రం ముట్టుకోకండి. వంకరగా వచ్చిన చోట సరిచేయాలని చెయ్యి పీకుతుంది, నాకూ పీకుతుంది. అప్పుడు "ఇది ఇంకోలా కావాలంటే ఏం చేద్దామనుకుంటున్నావు?" అని అడిగి, జవాబు వచ్చేదాకా ఆగండి. మార్కులేసే టీచర్లు కూడా తుది బొమ్మతో పాటు చిత్తుకాగితాలు తెప్పించుకోండి. నేను సగం మార్కులు వాటికే వేస్తాను. ఎన్నిసార్లు మార్చారో, ఏది ఎందుకు వదిలేశారో అక్కడే కనిపిస్తుంది.

పని అయిపోయాక ప్రతి బొమ్మ వెనకా పెన్సిల్‌తో పేరు, తరగతి, తేదీ రాయించండి. పెన్నుతో వద్దు, నూనె కాగితం మీద సిరా పాకి ముందువైపుకు దిగుతుంది.